ఫ్రెంచి అల్మరా

రంగుల మేస్త్రి ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల పాత తలుపుల్ని కొత్తవాటిలా చేసి పెడుతున్నాడు. సొంత వంటింట్లో లేత నీలం అల్మరా మాత్రం పెచ్చులూడి, గొళ్లెం దగ్గర కర్ర బయటపడి, ఆయన తీరిక కోసం పడి ఉండేది. భార్య అడిగినప్పుడల్లా "వచ్చే ఆదివారం" అనేవాడు.

చివరికి ఆ ఆదివారం వచ్చింది. ఫ్రెంచివాళ్ల వంటింటి బొమ్మ ఒకటి పత్రికలోంచి కత్తిరించి, భార్య ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టింది. అందులోదీ లేత నీలం అల్మరానే. మేస్త్రి పాత రంగంతా గీకేసి, లప్పం పెట్టి, వారం తిరిగేలోగా మూడు పూతలు వేశాడు. ఆ తలుపు మెరుపులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.

భార్య బొమ్మ పక్కన పెట్టి చూసింది. "వాళ్లది అక్కడక్కడా అరిగిపోయి ఉందండీ. అదే అందమట."

"అరిగిపోవడమా?"

"కావాలనే అరగదీస్తారట."

చిన్న గీత పడ్డా తలుపు మొత్తానికి మళ్లీ రంగు వేసే మనిషి, గరుకు కాగితం పట్టుకుని పరామర్శకు వెళ్లినట్టు వంటింట్లోకి వెళ్లాడు. సాయంత్రానికి రంగు పెచ్చులూడింది, గొళ్లెం దగ్గర కర్ర బయటపడింది. "అచ్చం ఇదే" అంది భార్య. మేస్త్రికీ ఎక్కడో చూసినట్టే అనిపించింది.

మర్నాడు అత్తగారు వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి అల్మరాని తేరిపార చూసి నిట్టూర్చింది.

"ఊరందరి తలుపులకీ రంగులేస్తారు. మా అమ్మాయి అల్మరాకి ఎప్పుడేస్తారు అల్లుడుగారూ?"

"వచ్చే ఆదివారం" అన్నాడు మేస్త్రి.