సంతరోజు లైను

నల్లటి తెర మీద ఒక కమాండు కొడితే చాలు, ఏ గంటలో మా సర్వరు ఎంత డేటా తెచ్చుకుందో, ఎంత పంపిందో వరసగా వచ్చేస్తుంది. మహా అయితే రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నాకు మూడు వారాల పాటు దొరకలేదు.

ఏజెన్సీలో, ఘాట్‌ రోడ్డు పక్కన చిన్న ఆసుపత్రి మాది. కంప్యూటర్లు, సర్వరు, వాటి బాగోగులు నా పని. మొత్తానికి కొండ మీది టవరు నుంచి వచ్చే ఒకటే ఇంటర్నెట్ లైను, అదీ అంతంత మాత్రం. రోగుల రికార్డులన్నిటికీ ఒక కాపీ వారానికోసారి విశాఖలో ఉన్న ఇంకో సర్వరుకి వెళ్ళాలి. రాత్రి పంపే వీల్లేదు, కరెంటు మీద నమ్మకం లేక సాయంత్రమే సర్వరు ఆపేస్తాం. అందుకని బాగా ఆలోచించి, శనివారం పదకొండు నుంచి మూడు దాకా అది దానంతటదే వెళ్ళేట్టు పెట్టాను. శనివారం సంత. ఆ వేళకి మా ఆఫీసు వాళ్ళంతా సంచులు పట్టుకుని సంతకి పోతారు, లైను ఖాళీగా ఉంటుంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. పల్లం నుంచి వచ్చినవాణ్ణి, సంతంటే నాకు అల్లం, నాటుకోడి, ఒక పూట తీరిక. కొండల మీది వాళ్ళు కిందికి దిగేది ఆ ఒక్క రోజేనని, వాళ్ళ జీపు ఆ రోజే నడుస్తుందని నాకు తెలియక కాదు. తెలిసీ పట్టించుకోలేదు.

విశాఖ కంటి డాక్టరుకి కెమెరాలో రోగిని చూపించే గది ఆ తర్వాత ఏడాదికి వచ్చింది. కాపీ సంగతి అప్పటికే మరిచిపోయాను.

ఆ శీతాకాలం ఒక తల్లి ఎనిమిదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. కాఫీ తోటలో కొమ్మ తగిలి పిల్ల ఎడమ కంట్లో పుండు పడింది. చుక్కల మందుతో తగ్గేది కాదని, విశాఖ తీసుకెళ్ళమని మా నర్సు చెప్పింది. తల్లి వినలేదు. ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు, చేలో కోయాల్సిన రాగులు. పెద్ద డాక్టరు చూసి రమ్మంటే అప్పుడు వెళ్తానంది. సరేనని కెమెరా ముందు కూర్చోబెట్టాం. తెర మీద డాక్టరు మొహం ముక్కలు ముక్కలై ఆగిపోయింది. మంచు పట్టిందమ్మా, టవరు పనిచేయడం లేదు, వచ్చే వారం రండి అన్నాను. మూడింటికి జీపు వెళ్ళిపోయింది. మూడున్నరకి లైను శుభ్రంగా ఉంది. అప్పుడైనా నాకు అనుమానం రాలేదు.

రెండో సంతకీ అంతే. నర్సు ఫోనులో కంటి ఫోటో తీసి సాయంత్రం పంపితే, అందులో ఏమీ తెలియడం లేదు, లైటు వేసి నేరుగా చూపించమన్నాడు డాక్టరు. మూడో సంతకి తల్లి గడప దగ్గరే ఆగి అడిగింది.

"ఈ వారం బొమ్మ ఆడతాదా బాబూ?"

ఆడలేదు. నేను మళ్ళీ టవరుని తిట్టడం మొదలుపెట్టాను. నర్సు శ్రీకాకుళం మనిషి, వయసులో నాకంటే పెద్దది. అంతవరకూ ఊరుకున్నది ఇక ఊరుకోలేదు.

"టవరుకి సంతరోజు తెలుస్తాదేటి తమ్ముడూ? మిగతా రోజులు బాగుంటాది కదా. బేగి లోపల సూడు, ఎవుడు తినేత్తన్నాడో."

నాకు ఒళ్ళు మండింది. నా లైను గురించి నాకే చెబుతుందా అని. రోగుల చీటీలు రాసే గుమాస్తా సినిమాలు దింపడానికి పెట్టి సంతకి పోతున్నాడేమో, పట్టుకుని నలుగురి ముందూ కడిగేద్దామని సర్వరు ముందు కూర్చున్నాను. కమాండు కొట్టాను. ఆదివారం నుంచి శుక్రవారం దాకా చిన్న చిన్న అంకెలు. శనివారం పదకొండు నుంచి మూడు దాకా లైను మొత్తం నిండిపోయి ఉంది. దొరికాడు దొంగ అనుకున్నాను. ఎవరి కంప్యూటరా అని చూస్తే, ఏ కంప్యూటరూ కాదు, సర్వరే. పంపుతున్నది రికార్డుల కాపీ. నేను రాసిపెట్టిన ప్రోగ్రామే, నేను పెట్టిన టైముకే, ఒక్క వారం కూడా తప్పకుండా పనిచేసింది. ఆపడానికి ఒక్క మీట చాలింది, కానీ అప్పటికే జీపు వెళ్ళిపోయింది. వాళ్ళ ఊరికి ఫోను లేదు.

నాలుగో సంతకి తెర మీద డాక్టరు ఎదురుగా కూర్చున్నంత స్పష్టంగా కనిపించాడు. నర్సు టార్చి పట్టుకుంది. డాక్టరు చాలాసేపు చూశాడు. కుడి కన్ను మూయించి, ఎన్ని వేళ్ళు చూపిస్తున్నానో చెప్పమన్నాడు. పిల్ల తల్లి వైపు తిరిగింది. లైటు వెలుగుతోందా అని అడిగాడు. ఏ లైటు అంది పిల్ల. విశాఖ తీసుకురండి, పుండు మాన్పుతాం, ఆ కంటికి చూపు మాత్రం రాదు అన్నాడు. మొదటి వారమే చూసి ఉంటే కన్ను బతికించేవాళ్ళం అని కూడా అన్నాడు. ఆ ముక్క ఒక్క అక్షరం తెగకుండా వినిపించింది. దాన్ని నర్సు తల్లికి మెల్లగా చెప్పింది.

తల్లి ఏడవలేదు. కొంగుతో పిల్ల కన్ను తుడిచి, లేచి, నా దగ్గరికి వచ్చింది. సంతలో అమ్మడానికి తెచ్చిన చిక్కుళ్ళలోంచి దోసెడు తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఈ వారం బొమ్మ బాగా ఆడింది. నువ్వు బాగు సేసినావంట బాబూ, సిస్టరమ్మ సెప్పింది."

నర్సు నా వైపు చూడలేదు. మంచు కాదు, టవరు కాదు, నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. జీపు హారను కొట్టింది. తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ పట్టిక తెరుస్తాను. శనివారం అయితే గంట గంటకీ చూస్తాను, లైను ఖాళీగానే ఉంటుంది. ఆ పిల్ల ఒంటికన్నుతో సంతకి వస్తుంటుంది. నన్ను చూస్తే, కెమెరా బాగు చేసిన బాబు అని తల్లి పిల్ల చేత దండం పెట్టిస్తుంది. నేను ఇప్పటికీ చెప్పలేదు.