బోర్డు మీద ఎడమవైపు ముఖం

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కన్నా ముఖం మీద నమ్మకం ఎక్కువ. అది కాస్త తేటపడితే బతుకు దానంతటదే బాగుపడుతుందనుకునేదాన్ని. చిన్నప్పటి నుంచి ఎండాకాలం సెలవులన్నీ నౌపడ ఉప్పుమడుల్లో అమ్మ వెంట ఉప్పు లాగిన ముఖంతో, విజయనగరంలో ఓ చర్మవైద్యురాలి దగ్గర రిసెప్షనిస్టుగా చేరాను. ఇరవై మూడేళ్లకే నుదుటిన గీతలు, బుగ్గల మీద మంగు. వచ్చినవాళ్లు నన్నే "ఆయమ్మా, డాక్టరమ్మున్నారేటి?" అని అడిగేవారు. డాక్టరమ్మ నెల రోజులు ఓర్చుకుని, "నిన్ను చూసి పేషెంట్లు జంకుతున్నారమ్మా. ఉచితంగా కెమికల్ పీల్ చేస్తాను. ముందు ఫొటో, తర్వాత ఫొటో బోర్డు మీద పెట్టుకుంటాను. కుదిరితే కౌంటర్లో ఉంటావు, లేకపోతే ఇంకో పిల్లని చూసుకుంటాను" అంది. (నా కడుపుకూడు నా బుగ్గల మీద ఉందని అంత మర్యాదగా ఇంకెవరూ చెప్పలేదు.)

మందు పూస్తే ముఖానికి పచ్చిమిరపకాయలు నూరి రాసినట్టు మండింది. "పై చర్మం పొట్టులా లేస్తుంది. దానంతటదే రాలాలి. గిల్లకు, రుద్దకు, ఎండలోకి పోకు" అని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. నేను బుద్ధిగా తలూపి, సెలవు పెట్టి, ఎండకి పుట్టిల్లయిన నౌపడ వెళ్లాను. నన్ను చూడగానే అమ్మ గుండెలు బాదుకుంది. "ఏటే ఇది, మొకం కుబుసంలాగ ఊడతన్నాది? సగం సేసి ఒగ్గేసిందేటి ఆ డాక్టరమ్మ? ఉండు, మిగిల్ది నాను తీసేస్తాను!" ఎలాగూ ఊడేదే కదా, తొందరగా ఊడితే తప్పేముందని నేనూ అనుకున్నాను. చదువుకున్నదాన్ని మరి! అమ్మ నూనె రాసి, సున్నిపిండితో నలుగుపెట్టి, తలంటి, జుట్టు ఆరడానికి ఉప్పుమడి గట్టు మీద కూర్చోబెట్టింది. సాయంత్రానికి ముఖం వాచింది. నెలకి మానింది గానీ, బుగ్గల మీద మునుపు లేని నల్లమచ్చలు మిగిలాయి.

తిరిగి వెళ్లేసరికి బోర్డు సిద్ధంగా ఉంది. ఎడమవైపు నా పాత ముఖం. కుడివైపు, మెరిసిపోతూ, డాక్టరమ్మ చెల్లెలి కూతురు. "ముఖానికి చున్నీ కప్పుకుని కూర్చో. ఎవరడిగినా రెండూ ఒకరివే అని చెప్పు. చెప్పలేనంటే నీ ఇష్టం" అంది డాక్టరమ్మ. నాకు ఒళ్లు మండింది. అయినా చున్నీ కప్పుకున్నాను.

ఓ రోజు గరివిడి వైపు నుంచి నా ఈడు పిల్లొకతి వచ్చింది. చెరకు తోటల్లో పనిచేసి కమిలిన ముఖం. బోర్డు ముందు చాలాసేపు నిలబడి, "అక్కా, సూడ్డానికొచ్చినోలు ముసల్దానిలాగున్నానని ఎల్లిపోయారు. ఈవిడికి నిజింగా ఇలగయిందా? నువ్వు సూసినావా?" అంది. నా ముఖం అడుగు దూరంలోనే ఉంది, బోర్డు మీదా, చున్నీ కిందా. డాక్టరమ్మ గది తలుపు తెరిచే ఉంది.

"సూసినానమ్మా. నా కళ్లతోనే సూసినాను" అన్నాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని "సల్లగుండక్కా" అని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఆమె ముఖం ఏమయిందో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం లేక మర్నాడే ఉద్యోగం మానేశాను, ఒక రోజు ఆలస్యంగా. ఇప్పుడు నా మచ్చలు చాలావరకు పోయాయి. అద్దంలో చూసుకుంటే చున్నీ కప్పుకున్న అప్పటి నేను గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ బుగ్గ మీద ఒక్కటి పీకాలనీ ఉంటుంది.