వంగిన గీత

ఇంట్లో అందరూ ఆమెను చుక్కలపిన్ని అనేవాళ్లు. పెళ్లికి ముందు ఆరేళ్లు ఆమె చేసిన ఉద్యోగం అదే మరి, చుక్కలు చూడటం. పరమాణు కేంద్రకం పగిలితే వచ్చే ముక్కలు, ఫొటో మందు పూసిన గాజుపలకల్లో నల్లటి చుక్కల బారుగా జాడ వదిలిపోతాయి. ఆ పలకల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, కళ్లలో వత్తులు వేసుకుని వెతకాలి. పొడుగాటి గదిలో పన్నెండుమంది ఆడపిల్లలు. మగాళ్లకి అంత ఓపిక లేదని ప్రొఫెసరే అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమెకో గీత కనబడింది. తిన్నగా వెళ్లి, ఉన్నట్టుండి వంగి, రెండుగా చీలింది. బొమ్మ గీసి, కొలతలు రాసి ప్రొఫెసర్ని పిలిచింది. ఆయన ఒక్క క్షణం చూసి, "పలక గీరుకుపోయిందమ్మా, వదిలెయ్" అన్నాడు.

"గీరుకుంటే చుక్కలుండవు కదండీ."

"ముందు ఆ పెట్టెలో పలకలు పూర్తి చెయ్యి."

మరుసటేడు పెళ్లయింది, ఉద్యోగం మానిపించారు. ఆ పై ఏడు వేరే దేశంవాళ్లెవరో కొత్త కణం కనిపెట్టారని పేపర్లో పడింది. పక్కనే బొమ్మ. చంటిదాన్ని చంకనేసుకుని ఆమె దానివంక చూస్తూ నిలబడిపోయింది.

"ఏముంది అందులో?" అన్నాడు భర్త.

"నాకు తెలిసిన గీత."

పేరు రాలేదన్న బాధ కొన్నాళ్లకి మాసిపోయింది. ఆ పలకని ఇంకొక్కసారి చూడాలన్న కోరిక మాత్రం పోలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ ఒక కన్ను మూస్తే చాలు, ఆ గది గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయేది.

అరవై దాటాక, ఇక ఉండబట్టలేక ప్రొఫెసర్ ఇంటికి వెళ్లింది. తలుపు తీసింది ఆయన భార్య. ఆయన పోయి నాలుగు నెలలట.

వచ్చిన పని చెప్పగానే పెద్దావిడ ఆమెను తేరిపార చూసింది. "ఆ గీత చూసింది నువ్వేనా? ఆయన కాగితాలన్నీ నేనే టైపు చేసేదాన్ని. దాని గురించి నాలుగు లైన్లు రాశారు, నీ పేరుతో సహా. తెల్లారి ఆ లైన్లు కొట్టేశారు. ఒక అమ్మాయి మాట పట్టుకుని రాస్తే నవ్వుతారన్నారు. నేనూ నోరెత్తలేదు."

"ఆ పలకలెక్కడున్నాయండీ?"

"చోటు లేదని ఎప్పుడో పారేశారమ్మా."

పెద్దావిడ లేచి కాగితం, పెన్సిలు తెచ్చింది. "టైపు చేశానే గాని నేను చూడలేదు. గీసి చూపించు."

ఆమె గీసింది. తిన్నగా ఒక గీత, వంపు, అక్కణ్ణించి రెండు కొమ్మలు.

"ఈ రెండో కొమ్మ ఎక్కడ ఆగింది?"

"ఆగలేదండీ, అంచు దాటిపోయింది. పక్క పలకలో వెతకాలి. ఇంకొక్క పూట ఇచ్చి ఉంటే వెతికేదాన్ని."