పూలకుండీ కింద మచ్చ

బళ్ళారిలో దొరల కాలంనాటి బంగళా ఒకటి ఏళ్ళ తరబడి గబ్బిలాల పాలై ఉండేది. సిద్ధేశ్ అనే ఆయన దాన్ని కొని, పెచ్చులూడిన గోడలకు మళ్ళీ సున్నమే పూయించి హెరిటేజ్ హోటల్ అన్నాడు. అంతే, ఆ వైపు తొంగిచూడని జనం ఇప్పుడు కార్లేసుకుని వస్తున్నారు. అందులో భోజనాల గది చూసుకునే మనిషి జ్ఞానకుమారి.

ఆమె పాత మిషను సంఘంలో పుట్టి పెరిగింది. భర్త వరప్రసాదం పోయాక జీన్స్ ఉతికే యూనిట్లో చేరి, ఆ మందునీళ్ళకు చేతుల తోలు ఊడిపోతున్నా ఓర్చుకుంది. హోటల్లో పని దొరికిన రోజు మోకాళ్ళూని ప్రార్థన చేసుకుంది. అంత ఆశపడింది కనుకనే ఆ తెలివితక్కువ పని చేసింది.

దొరలు వాడిన సామాను ఎక్కడైనా ఉందా అని సిద్ధేశ్ అడిగాడు. చర్చి వెనక షెడ్డులో ఈ బంగళా టేకు బల్లే పడి ఉందని ఆమె చెప్పింది. దొరలు దానిమీదే తినేవాళ్ళా అంటే తలూపింది. అది అబద్ధమేమీ కాదు. కానీ దొరలు పోయాక బల్ల సంఘానికి వచ్చిందని, సంఘంలో ఎవరు చనిపోయినా శవపేటికను దానిమీదే పెట్టి తలవైపు కొవ్వొత్తి వెలిగించేవారని చెప్పలేదు. ఫ్రీజరు పెట్టెలు వచ్చాక ఆ బల్లను పట్టించుకున్నవాళ్ళు లేరు. అడ్డం తొలగిందని చర్చివాళ్ళు ఇచ్చేశారు, ఎక్కడికి పోతోందని కూడా అడగలేదు.

వడ్రంగి ఎంత చిత్రిక పట్టినా కొవ్వొత్తి కాల్చిన నల్ల మచ్చ పోలేదు. దానిమీద జ్ఞానకుమారి పూలకుండీ పెట్టింది. వరప్రసాదం తల ఉన్నది అక్కడే. ఆ చోట ఆమె ఎన్నడూ పళ్ళెం పెట్టలేదు. సిద్ధేశ్ అతిథులకు బల్ల గొప్పలు చెబుతుంటే వంటింట్లోకి తప్పుకునేది. ఎవరైనా కుండీ జరపబోతే పైప్రాణం పైనే పోయేది. సంగతి బయటపడితే ఒక్క అతిథీ ముద్ద ముట్టడు, సిద్ధేశ్ ఆ పూటే పొమ్మంటాడు. మళ్ళీ ఆ మందునీళ్ళే గతి.

అన్నాళ్ళూ బయటివాళ్ళే వచ్చారు గనుక సరిపోయింది. చివరికి సంఘంవాళ్ళే వచ్చారు. కెన్నెత్ అనే కుర్రవాడి ప్రధానం విందు ఆ గదిలోనే అని తెలిసినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు. శుభమా అని పెళ్ళి మాట ఖాయం చేసుకునేవాళ్ళకు శవాల బల్లమీద వడ్డించాలి. సెలవు అడిగింది, సిద్ధేశ్ ఇవ్వలేదు.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. పాలిష్ మెరుపులో పడుచువాళ్ళెవరూ బల్లను పోల్చుకోలేదు, ఫొటోలు దిగారు. కెన్నెత్ అవ్వ సలోమమ్మ మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. కర్ర ఆనించుకుంటూ నేరుగా పూలకుండీ దగ్గరకు వచ్చింది. జ్ఞానకుమారి చేతిలోని గరిటె పళ్ళేనికి తగిలి గలగలమంది.

"ఈ కుండీ తీయి, జ్ఞానా," అంది ముసలామె.

తీయక తప్పలేదు. సలోమమ్మ వేలితో ఆ మచ్చను తడిమింది. అందరి ముందూ అనేస్తుందని జ్ఞానకుమారి కళ్ళు మూసుకుంది. ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగింది.

"మా ఆయన తల ఈ పక్కే పెట్నారు. నీ మొగునిది గూడా ఈడనే గదా?"

జ్ఞానకుమారి తలూపింది.

"ఎవురికీ చెప్పొద్దు. తెలిస్తే మా కెన్నెత్‌గాడు తినడు. నేను ఈడనే కుచ్చుంటా. ఆయనతో కలిసి తిని శానా దినాలాయ."

కుర్చీ లాక్కుని కూర్చుంది. జ్ఞానకుమారి ఆ నల్ల మచ్చమీద మొదటిసారి పళ్ళెం పెట్టింది. బిర్యానీలో వెతికి, పెద్ద ముక్క తీసి వడ్డించింది.