రెండోసారి పరీక్ష

మా బావ ఇంటికి తాళం వేయడం చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. తాళం వేస్తాడు, లాగి చూస్తాడు. మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతాడు. నేను కొళాయిల పని చేసేవాణ్ణి. వాళ్ళ వంటగదిలో సింకు కింద గొట్టం బిగించి బయటికొస్తే, నేను గేటు దాటకముందే రెంచి పట్టుకుని ఆయన దాని కింద దూరేవాడు. "నీ మీద నమ్మకం లేక కాదు బామ్మర్దీ, నా తృప్తి కోసం" అనేవాడు. ఆయన తృప్తి మాటేమో గాని, నాకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది.

బావ పనిచేసేది బూట్ల అడుగులు పోసే రబ్బరు ఫ్యాక్టరీలో, పరీక్షల గదిలో. తడిపిన పలక మీద అడుగు ముక్క ఒకటి పెడతారు. దాని మీద బరువు ఉంచి లాగుతారు. ఎంత లాగితే జారుతుందో కొలిచే ముల్లు చెబుతుంది. ఒకసారి చూస్తే చాలని అక్కడి రూలు. బావ రెండోసారి చూడనిదే సంతకం పెట్టడు. అందుకని ఫ్యాక్టరీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. "రెండోసారి గారూ, టీ తాగారా? అయితే ఇంకోసారి తాగండి" అని ఏడిపించేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. తన చేతి మీదుగా వెళ్ళిన బూట్లేసుకుని ఎవడూ జారి పడి తిట్టుకోకూడదని ఆయన పట్టుదల.

ఆ ఇంట్లో జారి పడటం అన్న మాట తేలిగ్గా అనేది కాదు. ఆయన కొడుకు, అంటే నా మేనల్లుడు, బడికెళ్ళే రోజుల్లోనే మెట్ల దగ్గర ఊరికే పడిపోయేవాడు. పరాకు అని అక్క రెండు దెబ్బలు కూడా వేసింది. తర్వాత తెలిసింది, అది కండరాలు కరిగిపోయే జబ్బని. కాళ్ళు పోయాయి, నడుం పోయింది. కాలేజీలో చేరాల్సిన వయసుకి చక్రాల కుర్చీలో కూర్చుని, పడిపోయిన పుస్తకం తీసిమ్మని పిలిచే స్థితికొచ్చాడు. "చేతులు కూడా పోతాయి. ఎప్పుడని మాత్రం నన్నడక్కండి" అంది డాక్టరమ్మ. బావ ఆ మాట కూడా ఇంకో డాక్టరు దగ్గర రెండోసారి చెప్పించుకొచ్చాడు.

వాడికి మిగిలిన సరదా ఒక్కటే, రాళ్ళెక్కే రిమోట్ కారు. బొమ్మ అంటే వాడికి కోపం. రెండు జానల పొడుగు, ఒళ్ళంతా స్ప్రింగులు, ఒంటికి మించిన టైర్లు. పరుగెత్తదు. మనిషి నడకకన్నా నెమ్మదిగా, ఒక్కో రాయినీ తడుముకుంటూ పైకి పాకుతుంది. రిమోటును బావ కుర్చీ చేతికి బిగించాడు. ట్రిగ్గరు కుడి చూపుడువేలికి, తిప్పే చిన్న చక్రం ఎడమ బొటనవేలికి అందేలా అమర్చాడు. ఆ రెండు వేళ్ళలో ఇంకా జీవం ఉంది.

ఊరి చివర మూసేసిన రాతి క్వారీ ఉంది. ఆదివారం పొద్దున ఇలాంటి కార్లవాళ్ళు అక్కడ చేరేవాళ్ళు. నేను మేనల్లుణ్ణి నా పని వ్యానులో ఎక్కించి, గొట్టాల మధ్య కుర్చీని తాళ్ళతో కట్టి తీసుకెళ్ళేవాణ్ణి. క్వారీలో ఒక నున్నటి బండ ఉంది. దాన్ని అందరూ బట్టతల అనేవాళ్ళు. ఏ కాలమైనా దాని మీద సన్నగా నీరు ఊరుతూనే ఉంటుంది. సగం దాకా ఏ కారైనా ఎక్కుతుంది. అక్కడ బండ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, దాన్ని నుదురు అంటారు. నుదురు దగ్గర చక్రాలన్నీ గిర్రున తిరిగి, కారు పక్కకు జారి, ఎక్కించేవాడి మొహం వాడిపోతుంది. దాన్ని దాటినవాడు లేడు.

"నేను దాటించాలి మామా" అన్నాడు మేనల్లుడు ఒకసారి వ్యానులో. "కాళ్ళున్న వాళ్ళందరికన్నా ముందు. ఈ వేలు ఆడుతుండగానే."

నేను అద్దంలోంచి వెనక్కి చూసి, "దాటిస్తావులే అల్లుడూ, మీ నాన్న ఉన్నాడుగా" అన్నాను. ఇంటికొచ్చి బావకి చెప్పాను. ఆ రోజు నుంచి ఆయనకి అదే లోకం.

ముందు కొన్నప్పుడు వచ్చిన టైర్లను సబ్బునీళ్ళతో రుద్ది కడిగాడు. అచ్చులోంచి సులువుగా రావడానికి పూసే జిడ్డు కొత్త రబ్బరు మీద మిగులుతుందట, దానితోనే సగం జారుతుందట. తర్వాత టైరు లోపలి స్పాంజి మార్చాడు. రాయిని తాకే వైపు మెత్తది, చక్రం వైపు గట్టిది, అలాగైతే టైరు రాతి అంచును కావలించుకుంటుంది గాని కుంగిపోదు. టైరుకున్న గాలి చిల్లులోంచి నీళ్ళు దూరి స్పాంజి ఉబ్బిపోతోందని ఆ చిల్లు మూసి, చక్రానికి ఇంకోచోట పెట్టాడు. బరువు ముందు చక్రాల్లో పడాలని ఇత్తడి ఉంగరాలు తొడిగాడు. భూతద్దం కింద బ్లేడు పట్టుకుని, టైరు మీద పొడుచుకొచ్చిన ఒక్కో ముద్దకీ సన్నటి కోతలు పెట్టాడు. కోసేటప్పుడు అక్క అన్నం తినమని పిలిస్తే, "ఈ ముద్ద అవనీ" అనేవాడు. "ఏ ముద్దండీ? నోట్లో పెట్టుకునేదా, ఆ రబ్బరుదా?" అని అక్క విసుక్కునేది.

ప్రతి మార్పుకీ కారు నుదురు మీద ఇంకొంచెం పైకి పాకేది. దాటేది మాత్రం కాదు. ఇటు మేనల్లుడి బొటనవేలు చక్రాన్ని పూర్తిగా తిప్పలేకపోతోంది. వాడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కారును ముందే సరైన దిక్కుకు పెట్టమని నన్నడిగేవాడు, నాకు అప్పుడు అర్థమైంది. బావకీ అర్థమైంది. ఆయన మాట్లాడటం తగ్గించాడు.

చివరికి, తానే రబ్బరు కలుపుతానన్నాడు. ఫ్యాక్టరీలో రబ్బరు కలిపే పెద్ద రోలర్లను చాలా నెలలకోసారి ఆపి శుభ్రం చేస్తారు. మళ్ళీ నడిపేముందు ఒక చిన్న ముద్ద కలుపుకోవడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. నూనె ఎక్కువ, గంధకం తక్కువ వేసి, నాలుగు టైర్లకు సరిపడా ముద్ద చేసి, తాను చెక్కుకున్న అచ్చులో నొక్కి ఉడికించాడు. తెచ్చి నా చేతిలో పెట్టాడు. చెవి తమ్మెలా మెత్తగా ఉంది. వేలితో నొక్కితే వేలిని వదలనంటోంది.

"ఇది బండను పట్టుకుంటుంది బామ్మర్దీ" అన్నాడు. "కాకపోతే ఆయుష్షు తక్కువ. పెన్సిల్ రబ్బరులా రాలిపోతుంది."

"ఎక్కాల్సింది ఒక్కసారేగా బావా" అన్నాను.

"అవును. ఒక్కసారే" అన్నాడు. అంత ఆనందంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఆదివారం తెల్లారగానే, కుర్చీ చక్రాలకు గాలి పట్టించుకొస్తానని ఆ కుర్చీ తోసుకుంటూ వెళ్ళాడు బావ. రావడం ఆలస్యమైంది. ప్యాంటు అంచులు తడిసి ఉన్నాయి. పంచరు అయింది, కడిగించాను అన్నాడు. మేనల్లుడు అప్పటికే ఉతికిన చొక్కా వేయించుకుని, తల దువ్వించుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆ రోజు అక్క కూడా మాతో వచ్చింది. తన కుట్టుమిషన్ పని పక్కన పెట్టి ఆమె క్వారీకి రావడం అదే మొదలు.

బట్టతల ముందు కుర్చీని ఆపాం. సంగతి తెలిసిన కార్లవాళ్ళు తమ ఆటలు ఆపి చుట్టూ చేరారు. నేను కారును బండ అడుగున, సూటిగా నుదురు వైపు పెట్టాను. మేనల్లుడు చూపుడువేలిని ట్రిగ్గరు మీదికి జరుపుకోవడానికే కాసేపు పట్టింది. తర్వాత కారు కదిలింది. తడి రాతి మీద చప్పుడు లేకుండా, ఎక్కడా తడబడకుండా పాకుతూ నుదురు దగ్గరికి చేరింది. ముందు చక్రాలు నిటారు రాయిని పట్టుకున్నాయి. అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనక చక్రాలు కూడా లేచాయి. ఇంకొక్క బెత్తెడు ఉందనగా ఒక చక్రం గిర్రున తిరిగింది. తర్వాత నాలుగూ తిరిగాయి. కారు అడ్డం తిరిగి, బండ మీద నుంచి మెల్లగా జారుతూ వచ్చి కుర్చీ కాళ్ళ దగ్గర ఆగింది.

"ఇంకోసారి" అన్నాడు మేనల్లుడు. ఇంకోసారి ఇంకా కిందే జారింది. ఆ తర్వాత వాడి వేలు ట్రిగ్గరు మీద నుంచి జారిపోయి ఒళ్ళో పడింది. దాన్ని ఎత్తి పెట్టడానికి అక్క వంగితే, "వద్దమ్మా, లాగలేను, అలిసిపోయింది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏదో ఒకటి మాట్లాడుతూ తమ కార్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

"మామా, పక్క నుంచి ఎక్కి నుదురు మీద ఫొటో తీసుకురా. ఎక్కడ తప్పిందో చూస్తాను."

నేను ఎక్కి, ఫోనుతో పైనుంచి ఫొటోలు తీసి, దిగి వాడి కళ్ళ ముందు పట్టాను. వాడు చాలాసేపు చూశాడు. "పెద్దది చెయ్యి మామా. ఇంకా పైన" అన్నాడు. పెద్దది చేశాను. నుదురు దాటాక రాయి పొడిగా ఉంది. అక్కడ నల్లటి చక్రాల జాడలు బట్టతల కొసదాకా వెళ్ళాయి. పక్కన పెన్సిల్ గీత చెరిపితే రాలే పొట్టులాంటి రబ్బరు ముక్కలు ఉన్నాయి. కారు టైర్లు తిప్పి చూశాను. ముద్దల అంచులన్నీ గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి.

నాకు ఒళ్ళంతా మంటెత్తింది. తిట్టడానికే బావ వైపు తిరిగాను. ఆయన మొహం చూసి, కారును మెల్లగా కింద పెట్టేశాను.

"పొద్దున వచ్చావా నాన్నా?" అని అడిగాడు మేనల్లుడు.

బావ తలూపాడు.

"ఎక్కిందా?"

"ఎక్కింది నాన్నా. నువ్వు ఇంతమందిలో ఎక్కిస్తుంటే ఆగిపోతుందేమోనని... నువ్వు బాధపడతావేమోనని..."

"ఎన్నిసార్లు ఎక్కించావు?"

బావ నేల వైపు చూశాడు. "రెండు" అన్నాడు.

అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక్కసారితో ఆపి ఉంటే ఇంకోసారి ఎక్కేంత రబ్బరు మిగిలేది, ఆ బెత్తెడు దాటేది. ఆ సంగతి అందరికీ తెలుసు.

మేనల్లుడు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. వాడు బండ కొస వైపు చూస్తూ, "నుదురు దాటేటప్పుడు ఎలా ఉంది నాన్నా? పైకెళ్ళి ఆగినప్పుడు ఎలా కనిపించింది? చెప్పు" అని అడిగాడు. ఆశగానే అడిగాడు.

"నేను చూడలేదురా" అన్నాడు బావ. "టైర్లు జారుతున్నాయా లేదా అనే చూశాను. పైకెళ్ళగానే దింపేశాను."

ఆ తర్వాత రోలర్లు మళ్ళీ ఆగేదాకా ఎదురుచూశాం. ఆలోగా బావ ట్రిగ్గరు స్ప్రింగు మార్చాడు, ఊదితే కదిలేంత తేలిక చేశాడు. కొత్త టైర్లు పోసి ఇంటికి తెచ్చేసరికి ఆ వేలు ఊదినంత పని కూడా చెయ్యలేని స్థితికొచ్చింది. "నువ్వు ఎక్కించు నాన్నా, నేను చూస్తాను" అన్నాడు వాడు, దిండ్ల మధ్య పడుకుని. బావ రిమోటు అందుకోలేదు. నన్ను ఎక్కించమన్నాడు. నేను అందుకున్నాను, నా వల్లా కాలేదు. అంతమందికన్నా ముందు దాటించాల్సినవాడు మంచం మీద ఉండగా, కొళాయిలు బిగించే ఈ చేతులు దాటిస్తే ఎవరికి కావాలి?

ఆ టైర్లు ఇప్పటికీ వాడి మంచం పక్కన బల్ల మీదే ఉన్నాయి, అంచులు పదునుగా, ఒక్క రాయినీ తాకకుండా. బావ వాటిని ఒక్కసారి కూడా పరీక్షించలేదు. ఫ్యాక్టరీలో ఇప్పుడు రూలు ప్రకారం ఒకసారి చూసి సంతకం పెట్టేస్తున్నాడట. ఎవరూ ఆ పేరుతో పిలవడం లేదట.

మొన్న మేనల్లుణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తూ అందరం ఇంట్లోంచి బయటికొచ్చాం. బావ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగి వ్యానెక్కాడు. మలుపు దాకా వెళ్ళాక అక్క ఆపమంది. దిగి, ఒక్కతే వెనక్కి నడిచివెళ్ళి, తాళం లాగి చూసి వచ్చింది.