కాకరకాయ రంగు కారు

బెంగళూరులో అరటిపళ్ళు కిలోల లెక్కన అమ్ముతారు. ఇన్నేళ్ళయినా నాకిది మింగుడుపడలేదు. మా వైపు డజనంటే పన్నెండు. వేళ్ళు లెక్కపెట్టడం వచ్చినవాడెవడూ మోసపోడు. ఇక్కడ తొక్కని కూడా తూకం వేస్తారు. మారతహళ్ళిలో దిగిన మొదటి వారం, తోపుడుబండి దగ్గర నిలబడి ఈ సంగతే తెలుగులో గొణుక్కుంటుంటే వెనకనుంచి ఒక పెద్దాయన, "తొక్కతోనే తినెయ్యప్పా, సరిపోతాది" అన్నాడు. ఆ సాయంత్రానికి ఆయన మేడమీది అద్దెగదిలో నా పెట్టె దిగింది.

ఆయన ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు లేతు మిషను మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆయన భార్య, అంటే ఆంటీ, నర్సుగా రిటైరయింది. కింద షెడ్డులో ఒక పాత స్పోర్ట్స్ కారు ఉండేది. రెండు తలుపులు, రెండు సీట్లు, పొడుగాటి ముక్కు. అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. కూర్చున్నాక పక్కన ఆగిన ఆటో చక్రం సరిగ్గా మన కళ్ళెదురుగా ఉంటుంది. అంకుల్ దాన్ని తొంభైల మొదట్లో తుక్కు కింద కొని, ఆరేళ్ళ ఆదివారాలు దానికి ధారపోసి నడిపించాడు. చివరికి రంగు కూడా తనే కలిపి, షెడ్డులో తనే కొట్టాడు.

ఆ రంగు ఆకుపచ్చే. అంతకు మించి చెప్పడం కష్టం. ఆయన పనిచేసిన కాలంలో అది బహుశా ఏ మిషనుకో బాగానే నప్పి ఉండేది.

నేను దిగిన మూడో ఏటికి ఆయన కళ్ళలో శుక్లాలు బాగా ముదిరాయి. ఆపరేషనంటే భయం. ఆ భయానికి "ఇంకా పండాల" అని పేరు పెట్టుకున్నాడు. మనుషుల్ని గొంతుతోనూ, గుమ్మాన్ని చేత్తోనూ గుర్తుపట్టే స్థితికి వచ్చాక ఒకరోజు కారు తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

"ఇంజను మార్చుకో, సీటు మార్చుకో. రంగు మాత్రం ముట్టద్దప్పా. అది నేను చేసింది."

"ముట్టను అంకుల్" అన్నాను. కారు చేతికొస్తుంటే ఏ షరతయినా సబబుగానే ఉంటుంది.

ఆఫీసు పార్కింగులో తొలిరోజే మా టీమువాడొకడు దాని చుట్టూ తిరిగి, "కాకరకాయకి చక్రాలు ఎవడు పెట్టాడ్రా?" అన్నాడు. ఆ మాట నేను లిఫ్టు దిగేలోపే మూడో అంతస్తుకి చేరింది. నన్ను మీటింగులకి "కాకరకాయ్, రా" అని పిలవడం మొదలైంది. నవ్వుతూ రెండు నెలలు భరించాను. అంతకంటే గొప్ప సహనం నాలో ఎప్పుడూ లేదు.

అప్పుడే నగరంలోకి వినైల్ ఫిల్ములు వచ్చాయి. పెద్ద స్టిక్కరు లాంటివి. కారు మొత్తానికి అంటిస్తే రంగు వేసినట్టే ఉంటుంది. వద్దనుకుంటే పీకేయొచ్చు. సాఫ్ట్‌వేరు వాడికి ఇంతకంటే తియ్యని మాట లేదు. చేసిన ఏ పనినైనా వెనక్కి తీసుకోవచ్చన్న నమ్మకం మీదే మా బతుకులు నడుస్తాయి. పైగా, రంగు ముట్టనన్నాను కదా, ముట్టడం లేదు, కప్పుతున్నానంతే. ఆ వాదన తయారయ్యాక నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

స్టిక్కర్ల షాపాయన బానెట్టు మీద గోరు ఆనించి చూశాడు. నేను తెలుగువాణ్ణని తెలిసి తెలుగులోనే చెప్పాడు.

"ఇది కంపెనీ పెయింటు కాదు సార్. ఇంట్లో కొట్టింది. అంటించేదానికి నాకేం కష్టం లేదు. పీకేటప్పుడు రంగూ దాంతోనే వస్తాది. అంటిస్తే ఇంక పీకేమాట మర్చిపోవాల."

విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి ఇన్నేళ్ళలో చాలాసార్లు ప్రయత్నించాను గానీ, విన్నాను. నల్ల ఫిల్ము చూపించి, అంటించమన్నాను.

ఆదివారం పొద్దున్న అంకుల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మహదేవపుర దాకా ఒక చుట్టు తిప్పడం మా అలవాటు. ఆయన దారి చూడడు, ఇంజను వింటాడు. ఆ ఆదివారం ఎక్కే ముందు బానెట్టు మీద అరచెయ్యి వేసి నిలబడిపోయాడు.

"నున్నగా ఉండాదే. పాలిష్ పెట్టించినావా?"

"ఆఁ, పెట్టించాను అంకుల్."

"రంగు పోలేదు కదా?"

"లేదంకుల్, అలాగే ఉంది."

ఆయన మొహం వెలిగిపోయింది. ఆంటీ గేటు దగ్గర నిలబడి కారునీ నన్నూ చూసింది. మాత్ర వేసుకున్నానని చెప్పే రోగిని నర్సు ఎలా చూస్తుందో అలా. గేటు వేసి లోపలికి వెళ్ళింది. ఆమె ఆయనకి చెప్పేస్తే బాగుండునని కొన్నాళ్ళూ, చెప్పనందుకు కృతజ్ఞతతో కొన్నాళ్ళూ గడిపాను. చర్చిలో అంకుల్ అందరికీ చెప్పాడట, "మా మేడమీది పిల్లోడు నా బండికి పాలిష్ పెట్టించి పెండ్లికొడుకు మాదిరి పెట్టుకున్నాడు" అని. పాస్టరుగారు దారిలో ఆపి నన్ను మెచ్చుకున్నారు. నల్లకారులో కూర్చునే ఆ మెప్పు అందుకున్నాను. ఆయనకి చూపు బాగానే ఉంది. బహుశా వేరే కారనుకుని ఉంటారు.

దసరా వెళ్ళాక ఆంటీ ఏం చెప్పి ఒప్పించిందో గానీ, అంకుల్ ఆపరేషనుకి సిద్ధమయ్యాడు.

"కట్టు విప్పినాక ఫస్టు నా బండి చూడాల" అన్నాడు హుషారుగా. "మీ ఆంటీని నలభై ఏండ్లు చూసినా, తొందరేం లేదు."

"నేను కూడా చూసినా లే" అంది ఆంటీ.

ఆయన ఆసుపత్రిలో ఉన్న మధ్యాహ్నం, పక్కింటి నుంచి జుట్టు ఆరబెట్టే మిషను అడిగి తెచ్చి షెడ్డులో కూర్చున్నాను. డ్రైవరు వైపు తలుపుతో మొదలుపెట్టాను. వేడి తగిలి ఫిల్ము మెల్లగా లేచింది. దాని వెనక ఆకుపచ్చ కూడా లేచింది, పాల మీద మీగడలా, ఎక్కడా తెగకుండా. కింద బూడిదరంగు లప్పం బయటపడింది. నా చేతి ఒత్తిడిలో తేడా ఉందేమోనని బానెట్టు మీద ప్రయత్నించాను. తేడా ఏమీ లేదు. ఊడినదాన్ని మళ్ళీ అంటించి చూశాను. అది ముడతలు పడి, ఇంకా ఎక్కువ నిజం చెప్పసాగింది.

నా నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు ఆ పూట ఒక్క విషయం తేల్చింది: కారుని ఆఫీసు బేస్‌మెంటులో దాచొచ్చని. అంకుల్ ఇంటికొచ్చి అడిగితే, సర్వీసుకిచ్చానన్నాను. రెండు రోజులు అదే మాట. మూడోరోజు నేను మెట్లు దిగుతుంటే ఆంటీ, "తీసుకొని రా" అంది. ఎక్కడినుంచి అని అడగలేదు.

తెచ్చి గేటు ముందు ఆపాను. అంకుల్ నల్లకళ్ళద్దాలతో బయటికి వచ్చాడు. ముందు ఇది వేరే కారనుకున్నట్టు వీధి అటూ ఇటూ చూశాడు. తర్వాత కారు చుట్టూ ఒక్కసారి నడిచాడు. తలుపు దగ్గర వంగి, వేలాడుతున్న ఫిల్ముని తిప్పి, వెనక అంటుకుపోయిన ఆకుపచ్చని వేలితో రాసి చూశాడు. అద్దాలు తీయబోతే ఆంటీ చెయ్యి పట్టుకుంది.

"ఇది ఎప్పుడు అంటించినావు?"

"వేసవిలో అంకుల్."

"పాలిష్ అన్నప్పుడా?"

"ఆఁ."

అంతవరకూ నేను తయారుచేసుకున్న వాదన, ముట్టలేదు కప్పాను అన్నది, నాలిక చివర దాకా వచ్చింది. దాన్ని బయటికి రానీయకపోవడం ఒక్కటే ఆ వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని. ఆఫీసులో వాళ్ళు ఎగతాళి చేశారని మాత్రం చెప్పాను. రంగు నాకూ నచ్చలేదని చెప్పాను. ఆయన తలూపాడు.

"రంగు నచ్చకపోతే పోనీ. నాకు కనపడదనే కదప్పా ఈ పని చేసినావు."