మందులకు లొంగని పుండు

పలాస జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టడానికి కుదిరేనాటికి దాలమ్మకు పెళ్లయి ఏడాదైనా కాలేదు. జీడిపిక్కలోంచి చిమ్మే నూనె ఒంటికి తగిలితే చర్మం కాలిపోతుంది. చేతులకు బూడిద పూసుకున్నా వేళ్ల సందుల్లో ఎక్కడో ఒకచోట పుండు పడేది. చీము పట్టగానే మందుల షాపుకెళ్లేది.

"బాబూ, సెయ్యి సలిపేస్తన్నాది. గట్టి మాత్రలియ్యి."

ఒకటి రెండు పూటలకే నొప్పి తగ్గేది. మిగిలిన మాత్రలు దాచిపెట్టి, కొడుక్కి పెళ్లయ్యాక కోడలు యమునకు జ్వరమొస్తే ఇచ్చేది. పాత మాత్రలు పనిచెయ్యకపోతే షాపతను ఇంకో రకం ఇచ్చేవాడు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఈ ఎండాకాలం కుడిచేతి పుండు మానలేదు. మోచేతి దాకా వాచి, జ్వరంతో ఒళ్లు పేలిపోతుంటే యమున ఆమెను శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చింది. డాక్టర్ విశాలి చీము పరీక్షకు పంపి, ఫలితం రాగానే మంచం పక్కన కూర్చుంది.

"అమ్మా, ఈ క్రిములు మా మందుల్లో దాదాపు దేనికీ చావడం లేదు."

"అదేటమ్మా? ఇన్నాళ్లూ తగ్గిపోయీది కదా!"

"నొప్పి తగ్గేది. క్రిములన్నీ చచ్చేవి కావు. మందుకు తట్టుకున్నవి మిగిలిపోయి, వాటి సంతానమే పెరిగింది. పైగా మందును తప్పించుకునే ఉపాయం ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి పాకుతుంది. ఒక్కో మందునూ అలా దాటుకుంటూ వచ్చాయి."

దాలమ్మ కట్టు కట్టిన చేతివైపు చూసుకుంది. "అయితే నానే పెంచీసినానా, తల్లీ?"

"మీరొక్కరే కాదమ్మా. అందరం ఇలాగే వాడేస్తున్నాం. ఎవరి ఒంట్లో ముదిరిన క్రిమి ఎవరికి అంటుకుంటుందో చెప్పలేం."

ఆ మాటతో ఆమెకు ఊరట కలగలేదు. జ్వరమొచ్చినప్పుడల్లా తన చేత్తో యమున నోట్లో వేసిన మాత్రలు గుర్తొచ్చాయి.

మిగిలిన ఒక్క మందూ ఎక్కించారు. వాపు కాస్త తీసింది కానీ మూత్రం రావడం తగ్గిపోయింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయని దాన్నీ ఆపేశారు. చివరికి పుండు ఇంకా పైకి పాకకుండా మోచేతి కింద చెయ్యి తీసేశారు.

"పిక్క కొట్టే సెయ్యే పోయాక ఏటి సేసుకుని బతకాలే?" అని కోడల్ని అడిగింది.

నాలుగు రోజులు జ్వరం లేదు. మళ్లీ వచ్చింది. క్రిములు నెత్తురులోకి దిగాయని విశాలి చెప్పింది.

"ఇంకే మందూ నేదా అమ్మా?" అంది యమున.

విశాలి తల అడ్డంగా ఊపింది.

"ఎలిపోదామే," అంది దాలమ్మ. "ఇంటికాడే పోతాను."

ఆటోలో పలాస దాకా కోడలి ఒళ్లోనే తల పెట్టుకుంది. ఇల్లు చేరిన మర్నాడు పొద్దున్నే పోయింది.